పైడిభీమవరంలో ఆఫీసు పని అయ్యాక శని, ఆదివారాలు ఉండిపోవాలంటే ఎక్కడ ఉండాలి?

ప్రశ్న, హైదరాబాద్_సర్వీస్:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ల్యాబ్ పరికరాల సర్వీస్ ఇంజనీర్‌ని. డిసెంబర్‌లో శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక ఫార్మా ప్లాంటులో హెచ్‌పీఎల్‌సీ మిషన్ల (మందులో ఏది ఎంతుందో కొలిచే ల్యాబ్ యంత్రాలు) క్యాలిబ్రేషన్, అంటే కొలతలు సరిచూసే పని పడింది, బుధవారం మొదలుపెడితే శుక్రవారం సాయంత్రానికి అయిపోవాలి. మా వాళ్లు ఎవరొచ్చినా వైజాగ్‌లో రూమ్ తీసుకుని రోజూ కారులో వచ్చి వెళ్తారు, పని అయిన రాత్రే రైలెక్కేస్తారు. నాకు ఈసారి అలా వెళ్లిపోవాలని లేదు. మా ఆవిడనీ ఆరేళ్ల పాపనీ శుక్రవారం రాత్రికి రప్పించి శని, ఆదివారాలు అక్కడే ఉందామనుకుంటున్నాను. వైజాగ్ చూసేశాం. శ్రీకాకుళం, విజయనగరం మాత్రం రైల్లోంచి బోర్డులు చదవడమే తప్ప ఎప్పుడూ దిగలేదు.

బస ఏ ఊళ్లో పెట్టుకోవాలి? చిన్నపిల్లతో పరుగులు లేకుండా ఏం చూడొచ్చు? ఇంకోటి, ఆఫీసు ఖర్చుతో వచ్చి సొంతానికి ఉండిపోతే టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు దగ్గర పేచీ వస్తుందా? మేనేజర్‌కి ముందే చెప్పాలా, తిరుగు టికెట్ ఆదివారానికి తీసుకుంటే చాలా?

జవాబు, సిక్కోలు_కుర్రాడు:
అన్నా, ముందు ఆ వైజాగ్ రూమ్ మానేయండి. రోజూ అంత దూరం హైవే మీద పడి వస్తే సాయంత్రం రూముకెళ్లి నిద్రపోవడం తప్ప ఏమీ మిగలదు. బుధవారం నుంచే శ్రీకాకుళం టౌన్‌లో ఉండండి, ప్లాంటుకి అదే హైవే మీద ఇటు నుంచి వెళ్తారు, అంతే తేడా. పొద్దున్నా సాయంత్రమూ మీ చేతిలో ఉంటాయి.

శనివారం పొద్దున్న ఆరింటికల్లా అరసవల్లి వెళ్లిపోండి, టౌన్‌ని ఆనుకునే ఉంటుంది. ఆదివారానికి మాత్రం పెట్టుకోవద్దు. సూర్యనారాయణస్వామి గుడి కదా, ఆదివారం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, పాపతో క్యూలో నిలబడలేరు. అక్కణ్ణుంచి శ్రీకూర్మం. విష్ణువు కూర్మరూపంలో ఉన్న గుడి, తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలుంటాయి. మీ పాపకి మాత్రం అవేవీ పట్టవు, ఆవరణలో పెంచే తాబేళ్ల దగ్గరే కూర్చుండిపోతుంది. వాటికి ఆకుకూర తినిపించేవాళ్లని చూస్తూ పిల్లలు కదలరు. ఆ టైమ్ ఇవ్వండి, లాక్కెళ్లకండి.

అదే దారిలో శాలిహుండం ఉంది. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించి బయటపెట్టినవి. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ గిడుగువారే, పుట్టింది కూడా మా జిల్లాలోనే. మెట్లెక్కి పైకెళ్తే గుండ్రటి ఇటుక కట్టడాలు, కింద నది మెలిక తిరిగి సముద్రం వైపు పోతూ కనిపిస్తుంది. అక్కడ కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు, నీళ్లు, తినడానికి ఏమైనా మీరే పట్టుకెళ్లండి. సాయంత్రం కళింగపట్నం. ఒకప్పటి రేవు, లైట్‌హౌస్ ఉంది, వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, నది కలిసేచోట లాగేస్తుంది. శనివారానికి ఇది చాలు. ఇంకోటి ఇరికిస్తే అన్నీ పాడవుతాయి.

జవాబు, అకౌంట్స్_లో_ఉన్నా:
బిల్లుల సంగతి నేను చెప్తాను, రోజూ నా టేబుల్ మీదకి వచ్చేవి ఇవే. మేనేజర్‌కి చెప్పాలా అని అడిగారు. చెప్పాలి, నోటితో కాదు, టూర్ అప్రూవల్ మెయిల్‌లోనే రాయాలి. పని శుక్రవారం సాయంత్రంతో అయిపోతుంది, ఆ తర్వాత ఆదివారం వరకు సొంత పని, సొంత ఖర్చు అని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఓకే అని తిరుగు మెయిల్ వస్తే తర్వాత ఎవరూ ప్రశ్నించరు. చెప్పకుండా ఆదివారం టికెట్ పెడితే మాత్రం మధ్యలో రెండు రోజులు ఏం చేశారని మేం అడగాల్సిందే, అది మా ఉద్యోగం.

టికెట్ బుక్ చేసే రోజునే శుక్రవారం రాత్రి ఛార్జీ ఎంతుందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆదివారంది ఎక్కువైతే తేడా మీరు పెట్టుకుంటానని అదే మెయిల్‌లో రాయండి. హోటల్ వాళ్లని శనివారం పొద్దున్న ఒక బిల్లు మూసేసి సొంత పేరు మీద ఇంకో బిల్లు తెరవమనండి. శుక్రవారం రాత్రి రూమ్ ఎవరిదన్నది కంపెనీని బట్టి ఉంటుంది, ముందే తేల్చుకోండి. మీవాళ్లు ఆ రాత్రే వస్తారు కాబట్టి ఎక్స్‌ట్రా బెడ్ డబ్బులు ఆఫీసు బిల్లులో పడకుండా చూసుకోండి, చాలామందికి అభ్యంతరాలు వచ్చేది అక్కడే. డీఏ, అంటే టూర్‌లో ఇచ్చే రోజువారీ భత్యం, పని రోజులకే. ఆఫీసు పెట్టిన క్యాబ్‌లో కళింగపట్నం వెళ్లకండి, సొంతంగా వేరే బండి మాట్లాడుకోండి, దారిలో ఏదైనా జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది.

జవాబు, ఫీల్డ్_మనిషి:
బ్రదర్, నేనూ మీ లైన్‌లోనే ఉన్నాను. శుక్రవారానికి అయిపోతుందని గట్టిగా అనుకోకండి. మిషన్లో ఏ డిటెక్టర్‌లోనో (కొలిచే భాగం) ల్యాంప్ ఎనర్జీ తక్కువ చూపించిందంటే కొత్త ల్యాంప్ వేసి మళ్లీ మొదట్నుంచి చేయాలి, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు సంతకం పెట్టేదాకా గేటు దాటలేరు. వీలైతే శనివారం చూడాల్సిన వాటిలో ఏది ఆదివారానికి జరపొచ్చో ముందే అనుకోండి. స్పేర్ ల్యాంప్ వెంట తెచ్చుకోండి. టూల్ కిట్ శుక్రవారమే ప్లాంటు నుంచి కొరియర్ చేసేయండి, దాన్ని మోసుకుంటూ గుళ్లూ బీచ్‌లూ తిరగలేరు. ఫోన్ కూడా శనివారం ఉదయం ఒక గంట తప్ప ఆపేయండి. పక్కన కూర్చుని కస్టమర్‌తో మాట్లాడుతుంటే ఇంటివాళ్లకి మీరు వచ్చినట్టే ఉండదు.

జవాబు, విజయనగరం_అమ్మాయి:
సిక్కోలు తమ్ముడు మా ఊరి పేరే ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను! పైడిభీమవరానికి విజయనగరమూ దగ్గరే, రైళ్లు ఎక్కువ, స్టేషన్ ఊళ్లోనే ఉంది. శ్రీకాకుళానికి స్టేషన్ ఆమదాలవలసలో, టౌన్ నుంచి పదమూడు కిలోమీటర్లు, రాత్రిపూట మీ ఆవిడ పాపతో దిగితే ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1713లో కట్టిన కోట, గురజాడవారి ఇల్లు, 1919లో పెట్టిన సంగీత కళాశాల, అన్నీ ఒక పూటలో అయిపోతాయి. ఆ కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, ఘంటసాల చదువుకున్నదీ అక్కడే, బయట నిలబడి చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. సాయంత్రం పాపని రామనారాయణం తీసుకెళ్లండి, విల్లు ఆకారంలో కట్టారు, రామాయణం కథ మొత్తం బొమ్మల్లో నడుస్తూ చూడొచ్చు. డిసెంబర్ కాబట్టి సరిపోయింది, దసరా తర్వాత సిరిమానోత్సవం రోజుల్లో అయితే ఇక్కడ రూమ్ మాట మరిచిపోవాల్సిందే.

హైదరాబాద్_సర్వీస్:
అందరికీ చాలా థ్యాంక్స్. మెయిల్ ఈ రోజే రాసేశాను. పని రోజులు, శుక్రవారం రాత్రి విజయనగరంలో, శనివారం పొద్దున్నే బయల్దేరి శ్రీకాకుళం అనుకుంటున్నాం. ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉంది, పొందూరు వెళ్లొచ్చా? మా ఆవిడకి ఖద్దరు చీరలంటే ప్రాణం.

సిక్కోలు_కుర్రాడు:
వెళ్లండి, కానీ ఆదివారం కొట్టూ పనీ ఉంటాయో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. చీర కొనడమే కాదు, ఎవరైనా పత్తి ఏకుతుంటే కాసేపు కూర్చుని చూడమనండి. వాలుగ చేప దవడ ఎముకని దువ్వెన లాగా పట్టుకుని, దాని సన్నటి పళ్లతో గింజ చుట్టూ ఉన్న పత్తిని లాగి శుభ్రం చేస్తారు, ఆ చెయ్యి ఆగదు. అంత సన్నటి నూలు వెనక ఎంత ఓపికుందో చూశాక ధర బేరం చేయాలనిపించదు, చేయొద్దు కూడా.

పొందూరు మూసి ఉంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి, కాస్త దూరం కానీ డిసెంబర్‌లో గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే ఉంటాయి, పాప మెడ దించదు. తిరుగు ప్రయాణానికి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా రెండూ శ్రీకాకుళం రోడ్‌లో (ఆమదాలవలస స్టేషన్ పేరే అది) ఆగుతాయి, టైమ్ చూసుకుని బుక్ చేయండి. సోమవారం హాఫ్ డే లీవ్ ఇప్పుడే పెట్టేయండి, రైలు దిగి నేరుగా ఆఫీసుకి పరిగెత్తడం ఎందుకు.