బెల్లం పెనానికి ఇనుమా, స్టెయిన్‌లెస్ స్టీలా?

పెనుమూరు చెరకు రైతు:
మాది పెనుమూరు దగ్గర పల్లె. సొంత గానుగ ఉంది. నాన్నగారి కాలమంతా ఇనుప పెనంలోనే బెల్లం వండాం. నల్లబారిన బెల్లానికి చిత్తూరు మండీలో ధర తగ్గిస్తున్నారని రెండేళ్ల కిందట 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకుతో ఎనిమిది అడుగుల పెనం చేయించాను. చేసినవాళ్లు తుప్పు పట్టని మంచి రకం, 304 గ్రేడు అన్నారు. అయస్కాంతం పెట్టి అంటుకోవడం లేదని చూపించారు. రెండో సీజన్ ముగిసేసరికి అతుకుల పక్కన సూదితో గుచ్చినట్టు గుంటలు పడ్డాయి. ఒక చోట రసం పొయ్యిలోకి కారితే మళ్లీ వెల్డింగు చేయించాను. నెల తిరగకముందే దాని పక్కన ఇంకొకటి పడింది. పొయ్యిలో చెరకు పిప్పి మునుపటికంటే ఎక్కువ కాలుతోందనీ, దింపే ముందు పాకం అడుగంటుతోందనీ వండేవాళ్లు అంటున్నారు. వచ్చే సీజన్‌లోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

తవణంపల్లె మేస్త్రి:
బాబూ, ముప్పై ఏళ్లుగా పాకం దింపుతున్నాను. నా మాట విని ఇనుముకే తిరిగి వెళ్లు. ఇనుప పెనంలో అడుగంతా ఒకేలా కాగుతుంది, మంట కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. రంగు సంగతి అంటావా, అది తెట్టు తీసే చేతిలో ఉంది. బెండ రసం పోసి, మడ్డి పైకి తేలినప్పుడల్లా ఓపికగా తీసేవాడికి ఇనుప పెనంలోనూ బంగారు రంగు వస్తుంది. సీజన్ అయ్యాక ఆముదం పూసి బోర్లించి పెట్టిన పెనాలు ఇరవై ఏళ్లు మన్నడం నేను చూశాను. పైగా ఆ బెల్లంలో ఇనుము దిగుతుంది. మన ఇళ్లలో బాలింతలకు పెట్టింది ఆ బెల్లమే.

తిరుపతి లోహశాస్త్ర విద్యార్థిని:
మేస్త్రి గారూ, నమస్కారం. స్టెయిన్‌లెస్ స్టీలు అతుకులు ఎందుకు తుప్పు పడతాయన్నదే నా పరిశోధన. మా తాతగారిదీ గానుగే, అందుకే ఈ ప్రశ్నను వదిలి వెళ్లలేకపోతున్నాను.

ముందు పిప్పి సంగతి. దీనికి స్టీలును నిందించడం అన్యాయం. ఉష్ణ వాహకత ఇనుప రేకుకు సుమారు 50, 304 రకానికి సుమారు 16. ఈ అంకెలు చూసే అందరూ స్టీలు మందకొడిది అంటారు. కానీ మంట వేడి రసాన్ని చేరే దారిలో పెద్ద అడ్డంకి రేకు కింద ఆనుకుని ఉండే వాయువు పొర. ఆ పొర నిరోధం సుమారు 0.02 అనుకుంటే, అదే కొలతలో 5 మిల్లీమీటర్ల ఇనుప రేకుది 0.0001, 3 మిల్లీమీటర్ల స్టీలు రేకుది 0.0002. మొత్తం మీద తేడా అర శాతం. ఇప్పుడు అడుగున ఒక మిల్లీమీటరు మసి పట్టిందనుకోండి. దాని నిరోధం 0.01 దాకా ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు మసి వంద మిల్లీమీటర్లకు మించిన స్టీలు దిమ్మెతో సమానం! అన్నా, పెనం అడుగు చివరిసారి ఎప్పుడు గీకించారు?

ఇక గుంటలు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా గాలి తగిలితే తిరిగి కమ్ముకుంటుంది. లోహంలో క్రోమియం సుమారు 10.5 శాతానికి తగ్గితే ఈ శక్తి పోతుంది. 304లో 18 శాతం ఉంటుంది కాబట్టి మామూలుగా భయం లేదు. వెల్డింగు చేసినప్పుడు అతుకు పక్కన నీలం, గోధుమ రంగు చారలు వస్తాయి, చూసే ఉంటారు. అవి క్రోమియాన్ని లోహం పైపొర నుంచి లాక్కుని ఏర్పడ్డవి. వాటి కింద లోహం బలహీనం. చాలా దుకాణాల్లో ఆ చారలను అలాగే వదిలేస్తారు. ఇంకా ఘోరం, ఇనుప గేట్లు రుద్దిన గ్రైండింగు బిళ్లతోనే స్టీలునూ రుద్దుతారు. ఆ ఇనుప రజను స్టీలులో గుచ్చుకుని మొదటి ఎర్ర మరక అక్కడే పుడుతుంది.

గుంటలకు రెండో కారణం కార్బన్. 450 నుంచి 850 డిగ్రీల మధ్య లోహం కాసేపు నిలిచిందంటే కార్బన్, క్రోమియం కలిసి స్ఫటికాల సరిహద్దుల్లో కార్బైడుగా పేరుకుంటాయి. సరిహద్దు వెంట క్రోమియం కరవవుతుంది. తుప్పు ఆ గట్ల వెంట చీమల బారులా లోపలికి పోతుంది. 3 మిల్లీమీటర్ల రేకు త్వరగా చల్లారుతుంది కాబట్టి ఒక్కసారి వేసిన అతుకుకు ఈ ముప్పు తక్కువే. అయితే మీరు కారిన చోటే మళ్లీ వెల్డింగు చేయించారు. ప్రతిసారీ పక్క లోహం ఆ వేడిలో ఇంకొంతసేపు నిలుస్తుంది. కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్ రకం ఉన్నదే ఇందుకు.

చిత్తూరు వెల్డరు:
మా పనివాళ్ల మీద అంత నెపం వేయకండి అమ్మా. రైతు ధర తగ్గించమంటే మేము 304 ఎక్కడి నుంచి తేవాలి? నేను చెప్పే దారి చూడండి. పాత ఇనుప పెనం పారేయకుండా దాని లోపల ఒక మిల్లీమీటరు స్టీలు రేకు పరిచి అంచు చుట్టూ 309ఎల్ వెల్డింగు కడ్డీతో అతికేయొచ్చు. ఇనుము వేడిని పంచుతుంది, స్టీలు రంగును కాపాడుతుంది. ఖర్చూ సగమే.

తిరుపతి లోహశాస్త్ర విద్యార్థిని:
అన్నా, కడ్డీ ఎంపిక సరైనదే. ఇనుమును స్టీలుతో అతకడానికి 309ఎల్ వాడాలని చెప్పే వెల్డర్లు అరుదు. కానీ ఆ పెనం పనిచేయదు. వంద డిగ్రీలు వేడెక్కితే ఎనిమిది అడుగుల ఇనుప రేకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, అదే పొడవు స్టీలు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. అంచులు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఆ అదనపు మిల్లీమీటరుకు చోటు లేక లోపలి రేకు బుడగలా లేస్తుంది. రెండింటి మధ్య అర మిల్లీమీటరు గాలి చేరినా దాని నిరోధం 0.016 దాటుతుంది. పిప్పి అప్పుడు నిజంగానే ఎక్కువ కాలుతుంది. ఆ సందులోకి రసం దిగితే కడగడానికి కూడా వీలుండదు. కర్మాగారంలో రెండు లోహాలను ఒత్తిడితో ఏకం చేసిన జంట రేకులు ఉన్నాయి, వాటి మధ్య గాలి ఉండదు. అవి మన గానుగల దాకా ఎందుకు రావన్నది నాకు బాధ కలిగించే విషయం.

అయస్కాంత పరీక్షను మాత్రం దయచేసి ఎవరూ నమ్మకండి. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు, నైట్రోజన్ కలుపుతారు. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం, జె4 పేరుతో అమ్మే రకంలో సుమారు 1 శాతం, దానిలో క్రోమియం కూడా తక్కువ. ఇవేవీ అయస్కాంతానికి అంటుకోవు. అసలైన 304 రేకును వంచిన చోట కొద్దిగా అంటుకుంటుంది కూడా. మంచి సరుకును వద్దని, నాసి సరుకును ఎంచుకునే పరీక్ష అది.

పాకాల బెల్లం వ్యాపారి:
ధర మాట నేను చెబుతాను. కొనేవాళ్లు తెల్లటి బెల్లమే అడుగుతున్నారు, అందుకే ఇనుప పెనం బెల్లం వెనకబడింది. ఆ తెలుపు కోసం కొందరు హైడ్రోస్ పొడి కలుపుతారు. పెనానికి దానితో సంబంధం ఉందా?

తిరుపతి లోహశాస్త్ర విద్యార్థిని:
చాలా ఉంది. హైడ్రోస్ అంటే సోడియం డైథయొనైటు. అది విడిపోయి థయోసల్ఫేటు ఏర్పడుతుంది. 304 మీద గుంటలు పొడిచే పదార్థాల్లో థయోసల్ఫేటు పేరుమోసింది, కాగితం మిల్లుల్లో దాని అనుభవం చాలా ఉంది. దానికి ఉప్పు నీళ్లు తోడైతే చెప్పనక్కరలేదు. పెనం దింపాక వేడి మీదే బోరు నీళ్లు చల్లి వదిలేస్తే నీరు ఆవిరై ఉప్పు ఒక్కచోట చిక్కబడుతుంది. అన్నా, మీరు ఈ రెండూ చేస్తున్నారా?

పెనుమూరు చెరకు రైతు:
అడిగారు కాబట్టి దాచను. మొదటి ఏడాది హైడ్రోస్ వాడాం, తర్వాత మానేశాం. మా బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పన. వేడి పెనం మీద ఆ నీళ్లే చల్లుతాం. అడుగు మసి ఈ సీజన్‌లో ఒక్కసారీ గీకించలేదు.

తవణంపల్లె మేస్త్రి:
తల్లీ, మసి మాట ఒప్పుకుంటాను, నేనూ వారానికోసారి గీకించేవాడిని. అయినా నా మొదటి మాటకు నువ్వు జవాబు చెప్పలేదు. పిప్పి లెక్క నీదే గెలిచినా, దింపే ముందు పాకం స్టీలు పెనంలో ఒకే చోట మాడడం నా కళ్లతో చూశాను. పది పెనాలు చూశాను. అది మసి వల్ల వచ్చేది కాదు.

తిరుపతి లోహశాస్త్ర విద్యార్థిని:
మేస్త్రి గారూ, ఇక్కడ మీరే సరి, నేను ముందే చెప్పాల్సింది. వేడి రేకును దాటి పైకి వెళ్లడం ఒక లెక్క, రేకులో పక్కకు పరుచుకోవడం వేరే లెక్క. రెండోదానికి వాహకతను మందంతో గుణించాలి. 5 మిల్లీమీటర్ల ఇనుముకు 250, 3 మిల్లీమీటర్ల స్టీలుకు 48. అయిదో వంతు కూడా లేదు. రసం పలచగా మరుగుతున్నంతసేపు అదే వేడిని కలిపేస్తుంది కాబట్టి తేడా తెలియదు. పాకం 118 డిగ్రీల దగ్గర చిక్కబడ్డాక కదలదు, మంట నాలుక తగిలిన చోటే మాడుతుంది. 5 మిల్లీమీటర్ల స్టీలు వేసినా 80 దాటదు. అందుకని స్టీలు పెనానికి పొయ్యి కూడా మారాలి, మంట ఒక్కచోట తగలకుండా పరుచుకోవాలి.

రంగు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. చెరకు రసం కొద్దిగా పులుపు, ఇనుము అందులో కరుగుతుంది, చెరకులోని వగరు పదార్థాలతో కలిసి నల్లబడుతుంది. ఎంత తెట్టు తీసినా అది పోదు.

తవణంపల్లె మేస్త్రి:
ఆ నలుపును నేను తప్పుగా చూడను తల్లీ. తినేవాడికి అలవాటు పోయింది, అంతే. ఇంటికి వండుకునేది ఇప్పటికీ ఇనుప పెనంలోనే.

పెనుమూరు చెరకు రైతు:
అమ్మా, నా పెనం రేకు అసలు ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

తిరుపతి లోహశాస్త్ర విద్యార్థిని:
చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రం నికెల్, క్రోమియం, మాంగనీసు నిమిషంలో చెబుతుంది, కానీ కార్బన్‌ను పట్టలేదు. దానికి లోహం మీద విద్యుత్ రవ్వ పుట్టించి, ఆ వెలుగును కొలిచే యంత్రం కావాలి. అతుకు ఆరోగ్యం చూడాలంటే చిన్న ముక్క చాలు. నున్నగా మెరుగు పెట్టి, 10 శాతం ఆక్సాలిక్ ఆమ్లంలో ఒకటిన్నర నిమిషం విద్యుత్తు పంపి సూక్ష్మదర్శిని కింద పెడితే స్ఫటికాల చుట్టూ కాలువలు తవ్వినట్టు కనిపిస్తుందో లేదో తెలిసిపోతుంది. మళ్లీ వెల్డింగు చేయించిన చోటు నుంచి ఒకటి, మొదటి అతుకు నుంచి ఒకటి, అతుకుకు దూరంగా ఒకటి, మూడు ముక్కలు కోయించండి. గ్యాసుతో కోయించకండి, ఆ వేడికి లోహం మారిపోతుంది. రంపంతో కోయాలి.

చిత్తూరు వెల్డరు:
రంపంతో నేను కోసిస్తాను, డబ్బు వద్దు. గుంటలు నా అతుకుల్లో కూడా ఎందుకు పడుతున్నాయో నాకూ తెలియాలి. నాలుగో ముక్క మా దుకాణంలోది పంపుతాను, దాన్నీ చూడండి.

పెనుమూరు చెరకు రైతు:
ఆదివారం పెనం ట్రాక్టరు మీద వేసుకుని మీ దుకాణానికే వస్తాను అన్నా. ముక్కలు సోమవారం తిరుపతి బస్సులో నేనే తెస్తాను.