మోటర్‌హోమ్: 25 అడుగులా, 30 అడుగులా?

ప్రశ్న:
జూన్‌లో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. పిల్లలతో కలిపి ఆరుగురం. డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్, అట్నుంచి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు దాకా మోటర్‌హోమ్‌లో (పడకలు, వంటిల్లు ఉన్న బండి) ప్లాన్. 30 అడుగులదైతే కాళ్ళు చాపుకోవచ్చంటోంది మా ఆవిడ. నేనేమో మినీవాన్ దాటి నడిపినవాణ్ణి కాదు.

జవాబు 1:
పోయినేడు మేం 30 అడుగులదే తీసుకున్నాం. లోపల రాజభోగమే గానీ పెట్రోల్ బంకులో తిప్పేసరికి చెమటలు పట్టాయి. మలుపులో బండి తోక బయటికి విసురుతుంది, జాగ్రత్త. గ్రాండ్ కాన్యన్ మాథర్ క్యాంపులో 30 అడుగులే గరిష్ఠం. కరెంటు, నీళ్ళ కనెక్షన్లుండవు. గ్లేసియర్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. అంటే ఏది తీసుకున్నా మీకు షటిల్ బస్సే గతి.

అసలు సంగతి పడకలు. ‘ఆరుగురికి’ అంటారు గానీ, డ్రైవర్ సీటు పైన పడకకి నిచ్చెనెక్కాలి, ఇంకోటి రోజూ భోజనం బల్ల మడిచి వేసుకోవాలి. మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్యగారు మొదటి రాత్రి సీట్లోనే కూర్చున్నారు. వెనక మంచం పెద్దవాళ్ళకి వదిలేయండి. సీటు బెల్టులు ఆరున్నాయో లేదో లెక్కపెట్టుకోండి.

జవాబు 2:
గ్లేసియర్ కొండ దారి జూన్‌లో మంచుతో మూసి ఉండొచ్చు, జూలైకి జరపండి. పోపు మాత్రం బయట స్టవ్ మీదే! లోపల పెడితే పొగ అలారం గోల.

ప్రశ్న అడిగినవారు:
అమ్మకీ మోకాళ్ళే అండీ. వెనక కదలని మంచం ఉన్న 25 చూస్తాను. మా ఆవిడకి మీరే చెప్పిపెట్టాలి.