జేబు నీడ గడియారం: పక్షి ముక్కు 40 దగ్గరే ఆగిపోతోంది

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా తాతగారి ట్రంకు పెట్టెలో అరచేతిలో పట్టేంత ఇత్తడి నీడ గడియారం దొరికింది. ఎనిమిది మూలల పలక, అందులోనే చిన్న దిక్సూచి, నీడ వేసే మడత రెక్క, దాని పక్కన ఒక పక్షి. 'బటర్‌ఫీల్డ్, పారిస్' అని చెక్కి ఉంది. రాజమండ్రిలో మా డాబా మీద మూడు రోజులుగా చూస్తున్నాను. మధ్యాహ్నం సరిగ్గానే ఉంటోంది. కానీ ఉదయం 9 గంటలకు ముప్పావు గంట వెనక, సాయంత్రం 3కి అంతే ముందు. పక్షి ముక్కు రెక్క మీది అంకెల్లో 40 కంటే కిందికి రాదు. పాడైందంటారా?

శంకుచ్ఛాయ:
పాడవలేదండీ. అది మన ఊరి కోసం చేసింది కాదు, అంతే. రెక్క వాలు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉండాలి, అంటే దాని కోణం ఊరి అక్షాంశమంత ఉండాలి. పారిస్‌కు 49, రాజమండ్రికి 17. పక్షి ముక్కు చూపించేది ఆ అంకెనే. మైకేల్ బటర్‌ఫీల్డ్ ఇంగ్లండ్ మనిషి, పారిస్‌లో స్థిరపడి 1724లో పోయాడు. ఈ తరహాకు ఆయన పేరే నిలిచింది. వెనక్కి తిప్పితే యూరప్ నగరాల పేర్లు, అక్షాంశాలు ఉండాలి, చూడండి.

వాడుకోవడానికి దారి ఉంది. పక్షిని 43కి పెట్టి, పలక మీది గంటల వరసల్లో 43 అని రాసినదే చదవండి. ముందు పలకను చదునుగా ఉంచి ఉత్తరం చూసుకోండి, వాలులో దిక్సూచి ముల్లు పట్టేస్తుంది. తర్వాత దక్షిణం వైపు అంచును 26 డిగ్రీలు లేపండి. 43లో 26 పోతే 17.

మిచిగన్‌తీరం:
షికాగోలో పాత ఖగోళ పరికరాలు దాచిన ఆడ్లర్ ప్లానెటేరియం దగ్గరే కనుక తరచూ వెళ్తాను. నాకు జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చేసిన దంతపు నీడ గడియారాలంటే ప్రాణం. పుస్తకంలా తెరిస్తే రెండు రేకుల మధ్య దారం బిగుసుకుంటుంది, ఆ దారం నీడే గంట. కొన్నింటి దిక్సూచి గిన్నెలో ఉత్తరం నుంచి కాస్త పక్కకు వాలిన గీత ఉంటుంది. ముల్లు అసలు ఉత్తరానికి ఎంత తేడాలో నిలుస్తుందో ఆ గీత చెబుతుంది, మన పాఠ్యపుస్తకాల్లోని దిక్పాతం. అది కాలంతో మారుతుంది. లండన్‌లో 1580లో 11 డిగ్రీలు తూర్పు, 1660 నాటికి దాదాపు సున్నా, 1820 వచ్చేసరికి 24 పడమర. అందుకే ఆ గీత వస్తువు వయసు తెలుసుకోవడానికి పనికొస్తుంది. మీ గిన్నెలో ఉందా?

పాతసామాను:
వయసు గురించి ఒక మాట. నేను ఆన్‌లైన్‌లో 18 వేలు పోసి 'పాతది' అని కొన్నది కొత్తదే. చాలా బాధపడ్డాను. రూర్కీలో ఇలాంటి ఇత్తడి నమూనాలు బోలెడు తయారవుతాయి. స్క్రూ తల మీద ప్లస్ గాడి ఉంటే ఆ స్క్రూ 1930ల్లోనో ఆ తర్వాతో చేసిందే. అక్షరాలు ఉలితో చెక్కినట్టున్నాయా, అచ్చు పోసినట్టున్నాయా భూతద్దంతో చూడండి. దయచేసి చింతపండుతో తోమకండి, సన్నని గీతలు అరిగిపోతాయి. దంతపువి మాత్రం మన దేశంలో కొనకండి, ఏనుగు దంతం వ్యాపారం నిషేధం.

గోదారిగట్టు:
స్క్రూలకు ఒకటే అడ్డగాడి. గిన్నెలో గీత లేదు. వెనక నగరాలు ఉన్నాయండీ! అట్ట కత్తిరించి 26 డిగ్రీలు లేపి పెట్టాను. ఉదయం 9కి 9 దగ్గరే నీడ!! మా అమ్మని డాబా మీదికి పిలిచి చూపించాను.

శంకుచ్ఛాయ:
చాలా సంతోషం. ఇప్పుడు మే నెల మధ్య కనుక సూర్యుడు చేతి గడియారం కంటే దాదాపు 4 నిమిషాలు ముందు. రాజమండ్రి మన టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు పడమర కనుక 3 నిమిషాలు వెనక. రెండూ కొట్టేసుకున్నాయి. నవంబరు మొదట్లో మాత్రం నీడ 13 నిమిషాలు ముందుంటుంది, అప్పుడు రెక్క వంచేయకండి.