మల్లెలు కట్టడం మానేసింది. మొండితనం అంటున్నారు, నాకు నమ్మకం కుదరడం లేదు

హనుమకొండ అమ్మ:
మా పాపకి 19. డౌన్ సిండ్రోమ్. పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేస్తున్నాం. పోయిన వేసవి దాకా సాయంత్రం కూర్చుని మల్లెలు కట్టేది. మూరకి గంట పట్టినా ముడి మాత్రం జారేది కాదు. ఈ ఏడు నాలుగు పూలు కట్టి దారం వదిలేస్తోంది. పొద్దున్నే పాల గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. లేచాక గంటసేపు మెట్లు దిగనంటుంది. నొప్పా అంటే "లే" అంటుంది. చిగుళ్లు వాచి రక్తం కారినప్పుడూ "లే" అనే అంది!

ఇక్కడ డాక్టర్‌గారు వేళ్లు ముట్టుకోకుండానే "ఈ పిల్లలు ఈ వయసులో మొండికేస్తారమ్మా" అన్నారు. కీళ్లవాతం ఉందేమో చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్. ఇంకెవరికి చూపించాలి?

గుంటూరు పిన్ని:
ఒంట్లో వాపు ఉంటుందమ్మా వీళ్లకి. రాత్రిపూట పసుపు పాలు ఇవ్వు. చపాతీలు, బ్రెడ్డు పూర్తిగా మానిపించు. మా ఆడపడుచు కొడుక్కి తేడా కనిపించింది.

విజయవాడ నాన్న:
పసుపు పాలకి నేను అడ్డం చెప్పను పిన్నీ, పిల్ల తాగితే తాగనివ్వండి. గోధుమ మాత్రం ఇప్పుడే ఆపొద్దు చెల్లెమ్మా. వీళ్లలో సీలియాక్ జబ్బు, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినడం, మామూలు వాళ్లకన్నా ఎక్కువ. దానికి రక్తపరీక్ష ఉంది. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. ముందు పరీక్ష, ఆ తర్వాతే పథ్యం.

నాకైతే మీరు చెప్పినవి కీళ్ల లక్షణాల్లాగే ఉన్నాయి. మావాడు క్యారమ్స్ మానేస్తే సెల్‌ఫోన్ పిచ్చి అనుకున్నాం. రెండేళ్లు అలా పోయాయి. చివరికి రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం చూసే డాక్టర్, వాడి మణికట్టు మెల్లగా వంచి చూశారు. వాడు చెయ్యి లాక్కోలేదు, అరవలేదు, గబగబా కళ్లు ఆర్పాడంతే. అల్ట్రాసౌండ్‌లో వాపు బయటపడింది. ఈ పిల్లలకు వచ్చే కీళ్లవాతంలో ఆర్ఏ ఫ్యాక్టర్ చాలాసార్లు నెగెటివే ఉంటుందట. ఆ కాగితం చూసి ఊరుకోకండి.

కారణం ఆ డాక్టర్‌గారు మాకు చెప్పింది ఇదీ. వైరస్ వస్తే ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ కేకేస్తుంది. ఆ కేక వినే చెవుల్లాంటి రిసెప్టర్లలో నాలుగింటి జీన్లు 21వ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి. మన పిల్లల్లో ఆ క్రోమోజోమ్ మూడు కాపీలు కదా, చిన్న కేకకే ఒళ్లంతా లేచి కూర్చుంటుంది. థైరాయిడ్, పేనుకొరుకుడు, చిగుళ్లు పాడవడం, ఇవన్నీ ఎక్కువగా కనిపించడానికి అదీ ఒక కారణమట. అందుకే మేం ఏడాదికోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష, ఆర్నెల్లకోసారి పళ్ల డాక్టర్ తప్పనివ్వం. గురక ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.

మావాడికి కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు రాశారు. అది వారానికి ఒక్కరోజే, రోజూ కాదు. మా ఇంట్లో ఆ రోజు క్యాలెండర్ మీద ఎర్రగా గుండ్రం చుడతాం. మాత్రతో వాంతులైతే ఇంజెక్షన్‌కి మార్చారు. ఫోలిక్ యాసిడ్, లివర్ పరీక్షలు మామూలే. అన్నట్టు, ఇప్పుడు వాడు నన్నే ఓడిస్తున్నాడు.

హనుమకొండ అమ్మ:
అన్నా, చదువుతుంటే చేతులు వణికాయి. జేఏకే మాత్రలని కొత్తవి వచ్చాయట కదా, వాటి గురించి తెలుసా?

విజయవాడ నాన్న:
ఆ ఇంటర్‌ఫెరాన్ కేకని మధ్యలో అడ్డుకునే మందులవి. అమెరికాలో కొలరాడోవాళ్లు డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకే టోఫాసిటినిబ్ అనే జేఏకే మాత్ర ఇచ్చి పరిశోధిస్తున్నారు. కానీ ఇన్‌ఫెక్షన్లు పెరగొచ్చు. లోపల దాగున్న టీబీ ఉందేమో చూడకుండా మొదలుపెట్టకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదమ్మా. ముందు ఆ వేళ్లు ఎవరైనా పట్టుకుని చూడనివ్వండి. వెళ్లేముందు పొద్దున లేచిన అరగంట వీడియో తీయండి. మధ్యాహ్నం ఓపీకి వెళ్లేసరికి బిగుసుకుపోవడం తగ్గిపోయి పిల్ల మామూలుగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం.

హనుమకొండ అమ్మ:
తీశానన్నా, ఇవాళే. జడ రబ్బరు తీయడానికి పళ్లు వాడుతోంది. ఇన్నాళ్లూ అల్లరి అనుకుని కసిరాను. గురువారానికి రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికింది.