తెలుగు, ఒడియా రెండింట్లో సంఘం వెబ్‌సైటు: ఏ సీఎంఎస్ మంచిది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘానికి వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నాం. కార్యక్రమాలు, ఫొటోలు, పాత సంచికల్లోని వ్యాసాలు అందులో ఉండాలి. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చాలామంది బడిలో నేర్చింది ఒడియా లిపి. అందుకే రెండు భాషలూ కావాలి. సైటు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్లు (సీఎంఎస్) వర్డ్‌ప్రెస్, జూమ్లా, ద్రుపల్‌లో ఏది నయం? తర్వాత చూసుకునేది నేనొక్కడినే.

బరంపురం పట్టు:
ఒక్కరే చూసుకోవాలంటే వర్డ్‌ప్రెస్ తీసుకోండి. 2003 నుంచి ఉంది, ఏ చిక్కు వచ్చినా తెలిసినవాళ్లు దొరుకుతారు. మా చీరల షాపు సైటు దానిమీదే నడుస్తోంది. రెండో భాషకు పాలీలాంగ్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఉచిత వెర్షన్ చాలు. ఒక్కో వ్యాసానికి తెలుగు పేజీ, ఒడియా పేజీ విడివిడిగా రాసి జత కలుపుతాం. జూమ్లాలో, కొత్త ద్రుపల్‌లో ఈ ఏర్పాటు ప్లగిన్ లేకుండానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ద్రుపల్ 7కి 2025 జనవరిలో సపోర్టు ఆగిపోయింది. దాన్నుంచి కొత్త వెర్షన్‌కి మారడమంటే సైటు మళ్లీ కట్టుకున్నంత పని. చిన్న సంఘానికి ఆ బరువు వద్దు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మాది తెలుగు, మరాఠీ సైటు. అన్నా, ముందు స్లగ్ (లింకు చివర వచ్చే పేజీ పేరు) సంగతి చూసుకోండి. శీర్షిక తెలుగులో రాస్తే వర్డ్‌ప్రెస్ లింకు కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. ఆ లింకును వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తుల దండలా మారిపోతుంది. ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 9 క్యారెక్టర్లు పడతాయి. 'తెలుగు' అన్న ఒక్క మాటకే 54! స్లగ్‌కి హద్దు 200, కాబట్టి శీర్షిక పొడవైతే లింకు మధ్యలోనే తెగిపోతుంది. పబ్లిష్ నొక్కకముందే స్లగ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా మార్చేయండి.

ఇంకోటి, డొమైన్, హోస్టింగ్ సంఘం ఈమెయిల్ మీదే కొనండి. మాకు మొదట సైటు కట్టినాయన డొమైన్ తన పేరున తీసుకున్నాడు. ఆయన ఫోను ఎత్తడం మానేశాక రెన్యువల్ చేయలేక, పాత పేరు వదిలేసి కొత్తది కొనుక్కోవాల్సి వచ్చింది. పంచిన లింకులన్నీ పోయాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
చాలా ఉపయోగపడే మాట తమ్ముడూ. మా పాత సంచికలన్నీ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లలో ఉన్నాయి. కాపీ చేసి పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. వాటినేం చేయాలి?

రాయగడ నుంచి:
అనూ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా కనిపించే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి కన్వర్టర్‌తో మార్చాలి. మార్చాక మనిషి కూర్చుని చదవాల్సిందే. వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పుతాయి. పేర్ల దగ్గర మరీ జాగ్రత్త, దాత పేరు తప్పుపడితే ఆ ఇంట్లో బాధపడతారు. పేజీని బొమ్మగా స్కాన్ చేసి పెట్టి ఊరుకోవద్దు, వెతికితే దొరకదు.

థీమ్ (సైటు రూపు) ఎంచుకునేటప్పుడు శీర్షికలు చూడండి. చాలా థీముల్లో లైన్ హైట్ (వరసల మధ్య ఎడం) ఇంగ్లీషుకు సరిపడా ఉంటుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల కింద వత్తులు పై వరసకీ కింది వరసకీ మధ్య ఇరుక్కుంటాయి, మెనూలో అయితే కోసేసినట్టుంటాయి. నేను లైన్ హైట్ 1.7 పెడతాను. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా ఉంచండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు చదవడానికి హాయిగా ఉంటాయి. శీర్షికలకు గిడుగు అన్న ఫాంటే ఉంది. పర్లాకిమిడిలో బతికి వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరే దానికి పెట్టారు. మీ సైటు నుదుట అది ఉంటే నాకైతే ఎంతో సంతోషం.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అప్‌డేట్ నొక్కేముందు ప్రతిసారీ బ్యాకప్ తీయండి. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ ఉచితంగానే గూగుల్ డ్రైవ్‌కి పంపుతుంది. ఫైళ్లు ఒక్కటే చాలవు, వ్యాసాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి, రెండూ రావాలి. మా దగ్గర సిగ్నల్ తక్కువ, అందుకే ఫొటోలు వెబ్‌పీ (ఫొటో సైజు తగ్గించే ఫార్మాట్) లోకి మార్చి పెడుతున్నాం. వాడని ప్లగిన్లు ఆపి ఊరుకోకుండా తీసేయండి, హ్యాకర్లకు దారి అక్కడే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ ధన్యవాదాలు. డొమైన్ సంఘం పేరునే తీసుకుంటాం. ఒడియా పేజీలకు ప్రూఫు చూడగలవాళ్లు బరంపురం వైపు ఎవరైనా ఉన్నారా?