పొరుగువాడికా, పొరుగువానికా?

వాల్తేరు కుర్రాడు:
పెద్దలకు నమస్కారం. మూడు రోజులుగా ఒక్క అక్షరం నన్ను పట్టుకుని పీడిస్తోంది. గురజాడ ‘దేశభక్తి’లో ‘సొంత లాభం కొంత మానుకు’ తర్వాత ‘పొరుగువాడికి’ అని ఉందా, ‘పొరుగువానికి’ అని ఉందా? మా హైస్కూలు ప్రహరీ మీద నీలం రంగుతో ‘వానికి’ అని రాసి ఉండేది. రోజూ ప్రార్థనప్పుడు ఆ గోడకెదురుగానే నిలబడేవాళ్ళం. కానీ నోరు తెరిస్తే ‘వాడికి’ అనే వస్తోంది.

ఇప్పుడెందుకీ గొడవంటే, ఈ ఏడాది భాషాశాస్త్ర పరిచయం పేపరు తీసుకున్నాను. ఒకే పదాంశం, అంటే అర్థమున్న అతి చిన్న ముక్క, రెండు మూడు రూపాల్లో కనిపించే ఉదాహరణలు పట్టుకురమ్మన్నారు మేడమ్. వాడి, వాని రాసుకెళ్దామనుకున్నా. ఆవిడ క్లాసులో ‘తప్పు’ అనకూడదు. ‘ఎవరంటారు, ఎక్కడంటారు’ అనాలి. ఇన్నేళ్ళూ తెలుగు పరీక్ష పేపర్లలో ఎర్రసిరా గీతలు చూసి చూసి, ఇప్పుడు ఏ మాట విన్నా ఎవరు తిడతారోనని చుట్టూ చూస్తున్నా.

పాతపుస్తకం:
‘వాడికి’. దీనికి చర్చ కూడానా? గ్రాంథికం మీద 1914లో అసమ్మతి పత్రం రాసిన మనిషి 1910లో ‘వానికి’ అంటాడా? ఇంకో మాట, అది ‘సొంత’ కాదు బాబూ, ‘స్వంత’.

అరసున్న:
‘స్వంత’ ఎలా వచ్చిందండీ? ‘స్వ’ కనిపించగానే సంస్కృతం అనేసుకుంటే ఎలా? సంస్కృతంలో స్వంత అంటే సు+అంత, మంచి ముగింపు గలది. ముగింపు అంత బాగుండే లాభాన్ని ఎవరు మానుకుంటారు!

ఇక అసలు ప్రశ్న. పాతది ‘వాని’యే. తమిళంలో అవన్, మనకు వాఁడు. ఆ అరసున్న ఊరికే పెట్టింది కాదు, ఒకప్పుడక్కడ పలికిన నకారం తాలూకు గుర్తు. ప్రథమలో అది నోట్లోంచి జారిపోయి డకారం మిగిలింది. మిగతా విభక్తుల ముందు నకారం నిలిచింది: వానికి, వానిచేత, రామునికి. తర్వాత జనం ‘వాడు, రాముడు’ చూసుకుని ‘వాడికి, రాముడికి’ చేసేశారు. ‘వాడికి’ అనేవాళ్ళంతా అలా ‘చేసేసినవాళ్ళే’.

వాల్తేరు కుర్రాడు:
సార్, ఇది మాకు గత వారమే చెప్పారు! ఒక రూపాన్ని చూసి ఇంకో రూపాన్ని సరిచేసుకోవడం, సాదృశ్యం. అయితే ‘వాడికి’ చెడిపోయిన రూపం కాదు, లెక్క సరిచూసుకున్న రూపం అనొచ్చు కదా?

అరసున్న:
మొదటి సెమిస్టరు పిల్లలందరూ అలాగే అంటారు.

మర్రిపాలెం:
నకారం, డకారం సరే. మా వైపు ఆ వకారం మాటేమిటి? ‘ఆడికి సెప్పు’, ‘ఆల్లు ఎల్లిపోనారు’. ఫిషింగ్ హార్బరులో పొద్దున్న వేలం దగ్గర ఒక్క అరగంట నిలబడండి. ‘వాడికి’ అన్నవాడు పక్క జిల్లా నుంచి వచ్చినట్టు లెక్క.

వాల్తేరు కుర్రాడు:
నవ్వకండి, ఒకటి చెప్తా. రెండో క్లాసులో ల, ళ తేడాకి జంట పదాలు అడిగారు. ఒక్క ధ్వని మారితే అర్థం మారాలి. నేను చెయ్యెత్తి ‘కల, కళ’ అన్నా. ‘మళ్ళీ గట్టిగా అను’ అన్నారు. అన్నా. ‘ఇంకోసారి’ అన్నారు. వెనక బెంచీవాడు పగలబడి నవ్వాడు. నేను రెండుసార్లూ ‘కల’ అనే అంటున్నానట! మా ఇంట్లో నీల్లు, పెల్లి, ఆల్లు. కళ్ళకీ కల్లుకీ తేడా కాగితం మీదే. నా రాతలో ళ ఉంది, నా నోట్లో లేదు. ఇరవై ఏళ్ళు వచ్చాక ఈ సంగతి నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. అవమానమేం లేదు గానీ, ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ దారి పొడుగునా ‘కళ, కళ’ అని గొణుక్కున్నా. మద్దిలపాలెం వచ్చేసరికి పక్క సీటాయన లేచి ముందుకెళ్ళిపోయాడు.

భీమిలి టీచరమ్మ:
బాబూ, నాలిక మడిచి అంటే అదే వస్తుంది, బెంగపడకు. అందరూ పక్కదారి పట్టారు గనక ఛందస్సు చూద్దాం. ఈ గేయం నడక ముత్యాలసరం, మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు; లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ‘పొరుగు’ మూడు, ‘వాడికి’ నాలుగు, ‘తోడు’ మూడు, ‘పడవోయ్’ నాలుగు. ‘వానికి’ పెట్టినా నాలుగే. ‘స్వంత’ అయినా ‘సొంత’ అయినా మూడే. కాబట్టి లెక్క ఎవరి పక్షమూ కాదు. గురజాడే ఇరికించి పోయారు.

పాతపుస్తకం:
ఛందస్సు తేల్చదు గానీ మనసు తేలుస్తుంది టీచరుగారూ. అప్పారావుగారికీ గిడుగువారికీ విజయనగరంలో ఒకే క్లాసు. గిడుగు పర్లాకిమిడిలో సవర గిరిజనుల మాటలు రాసుకుంటూ జీవితం గడిపాడు, అప్పారావు ‘కన్యాశుల్కం’లో బంట్రోతు నుంచి ప్లీడరు దాకా ఎవరి మాట వాళ్ళ చేతే అనిపించాడు. 1897లో అచ్చేసి, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాశాడు. ఆ చెవి ఉన్నవాడు జనం నోట్లో ఉన్నదాన్ని వదలడు.

అరసున్న:
మరి అదే గేయం మొదటి పాదం ‘దేశమును ప్రేమించుమన్నా’. ఏ జనం నోట్లో ఉందండీ ‘దేశమును’? ‘దేశాన్ని’ అన్నా అయిదు మాత్రలే కదా. అయినా గ్రాంథిక రూపమే వేశారు. అక్కడ ‘దేశమును’ అన్నాయన ఇక్కడ ‘వానికి’ అనరా?

భీమిలి టీచరమ్మ:
మాత్రలు లెక్కపెట్టారు, విరుపు చూడలేదు. ‘దేశ’ మూడు, ‘మును ప్రే’ నాలుగు. ‘దేశాన్ని’ పెడితే మూడో మాత్ర ‘శా’ మధ్యలో పడుతుంది, నడక కుంటుతుంది. అక్కడ ఆయనకు వేరే దారి లేదు. ఇక్కడ రెండు దారులూ ఉన్నాయి, అందుకే ఈ తగువు.

అరసున్న:
విరుపు సంగతి నాకూ తెలుసు. ఉదాహరణకి అన్నాను.

మర్రిపాలెం:
అప్పారావుగారు పుట్టింది యలమంచిలి దగ్గర ఎస్. రాయవరంలో. మా అత్తగారి ఊరు దానికి రెండు మైళ్ళు. అక్కడ ‘వాడికి’ అనరు, ‘వానికి’ అనరు. ‘పొరుగోడికి’ అంటారు. పుస్తకాలు చూసి కొట్టుకుంటున్నారు మీరు.

భీమిలి టీచరమ్మ:
‘పొరుగోడికి’ అంటే ఆరు మాత్రలేనండీ. పైగా మూడో మాత్ర ‘గో’ని రెండు ముక్కలు చేస్తుంది.

వాల్తేరు కుర్రాడు:
అమ్మా, అనకాపల్లిలో మా అమ్మమ్మని ఫోన్‌లో పాడమన్నా. ఎందుకని అడక్కుండా పాడేసింది. ‘పొరుగోఓడికి తోడు పడవోయ్’! ఆ ‘గో’ దగ్గర గొంతు కాస్త సాగదీసి ఏడు మాత్రలూ నింపేసింది. అది వాడా, వానా అని అడిగితే, ‘ఎవుడో ఒకడు లేరా, తోడు పడమన్నాడు కదా, పడు’ అంది. రికార్డు చేశాను, మేడమ్‌కి వినిపిస్తా. మూడో రూపం దొరికింది.

పాతపుస్తకం:
అమ్మమ్మగారికి నమస్కారాలు. కానీ పాటలో సాగదీత పాఠనిర్ణయానికి పనికిరాదు. అచ్చు ప్రతి ఏమంటోంది?

వాల్తేరు కుర్రాడు:
మామయ్య అటక మీద పాత సంకలనం ఒకటి దొరికింది. అందులో ‘వానికి’ అని ఉంది. ఫోటో పెడుతున్నా.

అరసున్న:
చూశారా!

పాతపుస్తకం:
ఏ సంవత్సరం ముద్రణ? ఎడిటరు ఎవరో దిద్ది ఉండొచ్చు. మొదటి పేజీ ఫోటో పెట్టు బాబూ.

వాల్తేరు కుర్రాడు:
మొదటి నాలుగు పేజీలూ లేవు సార్. చెదలు.

అరసున్న:
వెనకట్ట మీద ధర ఉంటుంది చూడు. అణాల్లో ఉంటే 1957కి ముందుది, నయాపైసల్లో ఉంటే తర్వాతది.

వాల్తేరు కుర్రాడు:
ధర మీద ఎవరో ఊదారంగు రబ్బరు స్టాంపు గుద్దేశారు సార్. ‘రూ. 1’ వరకే కనిపిస్తోంది.

మర్రిపాలెం:
అది సరే, ‘మానుకు’ ఏటి? ‘మానుకుని’ కదా ఉండాలి?