కనురెప్ప డెర్మటైటిస్‌కి ఏ కోడ్? ఎల్25.9 సరిపోతుందా?

ప్రశ్న (శ్రీకాకుళం):
నమస్కారమండి. బీఎస్సీ అయ్యాక మెడికల్ కోడింగ్ (డాక్టర్ రాసిన జబ్బుల్ని ఐసీడీ-10-సీఎం జాబితాలోని కోడ్లుగా మార్చడం) నేర్చుకుంటున్నాను, త్వరలో సీపీసీ (కోడర్ల సర్టిఫికెట్) పరీక్ష. ప్రాక్టీస్ చార్ట్‌లో ఇంతే ఉంది: “కుడి కన్ను. కొత్త మస్కారా వాడాక రెప్ప వాపు, దురద. కాంటాక్ట్ డెర్మటైటిస్. మస్కారా ఆపమన్నాం.” కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటే ఏదైనా తగలడం వల్ల వచ్చే చర్మపు వాపు. నేను ఎల్25.9 (కారణం చెప్పని కాంటాక్ట్ డెర్మటైటిస్) అంటున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ హెచ్01.119 అంటోంది. పొద్దుట్నుంచీ తేలడం లేదు, ఒకటే టెన్షన్. ఎవరిది రైటు?

జవాబు (విజయనగరం):
చెల్లీ, నీ రూమ్మేట్ వెళ్లిన దారి సరైనదే, చివరి అంకె దగ్గరే తేడా వచ్చింది. ఈ చార్ట్‌కి హెచ్01.113.

చర్మం కదా అని ముందు ఎల్ చాప్టర్‌కి పోతాం. కానీ టాబ్యులర్ లిస్ట్‌లో (కోడ్ల వరుస జాబితాలో) ఎల్25 కింద ఎక్స్‌క్లూడ్స్2 నోట్ (ఈ కోడ్‌లోకి రానివి, కానీ రోగికి ఉంటే దీంతోపాటు వేయదగ్గవి) చదువు. కనురెప్ప డెర్మటైటిస్‌కి హెచ్01.1 చూడమని అక్కడే ఉంటుంది. హెచ్01.11 పేరు అలర్జిక్ డెర్మటైటిస్ అయినా రెప్పకి వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ కూడా అందులోదే. ఇక ఆరో అంకె. 1 కుడి పై రెప్ప, 2 కుడి కింది రెప్ప, 3 అంటే కన్ను కుడిదే, ఏ రెప్పో రాయలేదు. 4, 5, 6 ఎడమకి అదే వరుస. 9 వేస్తే ఏ కన్నో కూడా తెలియదని అర్థం. డాక్టర్ ‘కుడి’ అని స్పష్టంగా రాశాక ఆ మాటని మనం పారేయకూడదు.

మస్కారా ఎక్కువగా పై రెప్ప వెంట్రుకలకే పెడతారు కాబట్టి 111 వేసేద్దాం అనిపిస్తుంది. వద్దు, అది మన ఊహ. ఉద్యోగంలో అయితే డాక్టర్‌కి క్వెరీ (చార్ట్ మీద స్పష్టత అడిగే ప్రశ్న) పెట్టాలి. అదీ “పై రెప్పే కదా?” అని కాదు. “పై రెప్పా, కింది రెప్పా, రెండూనా, చెప్పలేమా?” అని అన్నీ ఇచ్చి అడగాలి. రెండూ అని రాసిస్తే 111, 112 రెండూ వేయాలి. బ్లెఫరైటిస్‌లో (రెప్ప అంచుల వాపులో) కుడి కంటి రెండు రెప్పలకీ కలిపి హెచ్01.00ఎ లాంటి ఒకే కోడ్ ఉంది, ఇక్కడ ఆ సదుపాయం లేదు.

ప్రశ్న (శ్రీకాకుళం):
చాలా థాంక్స్ అన్నయ్యా. బుగ్గ మీద కూడా వచ్చి ఉంటే?

జవాబు (విజయనగరం):
ఎక్స్‌క్లూడ్స్2 కాబట్టి రెండూ పక్కపక్కన వేయొచ్చు. బుగ్గ మీదిది కూడా మేకప్ వల్ల వచ్చిన కాంటాక్ట్ డెర్మటైటిస్ అని డాక్టర్ రాసి ఉంటే ఎల్25.0. కారణం కళ్లెదుట ఉండగా 25.9 ఎందుకు?

ప్రశ్న (బొబ్బిలి):
అన్నా, నాదీ ఒకటి. ఓపీ చార్ట్. ఎడమ కింది రెప్ప మీద గడ్డ, “బేసల్ సెల్ కార్సినోమా అనుమానం” (ఒక రకం చర్మ క్యాన్సర్), బయాప్సీకి పంపారు. ఆ క్యాన్సర్ కోడ్ సి44.1192 వేసేయొచ్చా?

జవాబు (విజయనగరం):
వేయకు తమ్ముడూ. ఓపీలో ‘అనుమానం’, ‘కావచ్చు’ అని ఉన్న జబ్బుని కోడ్ చేయకూడదని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఆ రోజుకి డాక్టర్ చూసి రాసిన లక్షణమేదో దానికే కోడ్. లేని క్యాన్సర్ ఒక మనిషి రికార్డులోకి ఎక్కితే ఇన్సూరెన్స్ దగ్గర వాళ్లు పడే బాధ మనకి కనిపించదు. చాలామంది డి48.5 వేసి ఊరుకుంటారు, అదీ తప్పే. పరీక్ష చేశాక కూడా స్వభావం తేల్చలేమని పాథాలజిస్ట్ రాస్తేనే అది. రిపోర్ట్‌లో కార్సినోమా అని వచ్చాక సి44.1192.

ప్రొసీజర్‌కి (ఇక్కడ బయాప్సీకి) మోడిఫయర్ దగ్గర కూడా జాగ్రత్త. అంటే ప్రొసీజర్ కోడ్ వెనక చేర్చే గుర్తు. డయాగ్నసిస్ కోడ్లు కుడి నుంచి మొదలైతే ఇవి ఎడమ నుంచి మొదలవుతాయి. ఇ1 ఎడమ పై రెప్ప, ఇ2 ఎడమ కింది రెప్ప, ఇ3 కుడి పైది, ఇ4 కుడి కిందిది. నీ కేసుకి ఇ2. రిపోర్ట్ వచ్చేదాకా బిల్ ఆపే పద్ధతి మీ ఆఫీసులో ఉందేమో టీమ్ లీడర్‌ని అడుగు.